చెవికీ గుండెకీ మధ్య ఒక గొట్టం

నర్సింగ్‌లో సీటు వచ్చాక కొనాల్సిన వాటిలో తెల్ల బూట్లు, సెకన్ల ముల్లున్న వాచీ గురించి ఎవరికీ సందేహం ఉండదు. తర్జనభర్జన అంతా స్టెతస్కోప్ దగ్గరే. సర్జికల్ షాపులో కొన్ని వందలకి వచ్చేది ఒకటి, దాని పక్కనే వేలల్లో పలికేది ఇంకొకటి వేలాడుతుంటాయి. సీనియర్లు ఒక బ్రాండు చెబుతారు, షాపువాడు తనకు మిగిలేది చూపిస్తాడు, రంగు నచ్చి కొనేసేవాళ్ళూ తక్కువేం కాదు. డబ్బు దేనికి పెట్టాలో తేలాలంటే ఈ పరికరం రెండొందల ఏళ్ళలో ఎక్కడెక్కడ మారుతూ వచ్చిందో చూడాలి.

1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రికి గుండెజబ్బు లక్షణాలతో ఒక యువతి వచ్చింది. చూసిన డాక్టరు రెనె లెన్నెక్. అప్పట్లో గుండె చప్పుడు వినాలంటే రోగి ఛాతీకి నేరుగా చెవి ఆనించాల్సిందే. పరాయి ఆడపిల్ల, అందులోనూ చిన్న వయసు, అది బాగోదనుకున్నాడు. పోనీ వేళ్ళతో ఛాతీ మీద తట్టి చూద్దామంటే, మనిషి బొద్దుగా ఉండటంతో దాని వల్లా ఏమీ తేలలేదు. దూలం ఒక కొసన గుండుసూదితో గీకితే రెండో కొసన చెవి పెట్టినవాళ్ళకి స్పష్టంగా వినిపిస్తుందన్న సంగతి ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది. చేతికందిన దస్తా కాగితాలను గట్టిగా గొట్టంలా చుట్టి, ఒక కొస ఆమె ఛాతీకీ రెండోది తన చెవికీ పెట్టుకున్నాడు. నేరుగా చెవి ఆనించినప్పటికంటే గుండె చప్పుడు బాగా వినిపించింది. ఆ రోజు ఆయన్ని నడిపించింది మొహమాటమే అనాలి.

లెన్నెక్‌కి వేణువు ఊదటం వచ్చు, తరిమెన పట్టడమూ వచ్చు. కాగితం తర్వాత రకరకాల పదార్థాలు ప్రయత్నించి చివరికి కర్ర దగ్గర ఆగాడు. సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, మధ్యలో సన్నటి రంధ్రం. కింది కొసలో గరాటులా తొలిచిన గుంట, అందులో పట్టే బిరడా. గుండె వినేటప్పుడు బిరడా ఉంచేవాడు, ఊపిరితిత్తులకి తీసేసేవాడు. ఒకే పరికరంతో రెండు రకాల శబ్దాలు వినాలన్న ఆలోచన మొదటి నమూనాలోనే ఉందన్నమాట. 1819లో పుస్తకం వేశాడు. ఆ గొట్టంతో ఆయన ఎక్కువగా గుర్తుపట్టిన జబ్బు క్షయ; 1826లో ఆయన ప్రాణం తీసిందీ అదే.

ఇక రెండు చెవులకి రెండు గొట్టాలు పెట్టి, జనం వాడుకోదగ్గ రూపం తెచ్చింది న్యూయార్క్ డాక్టరు జార్జ్ కామన్, 1852లో. అసలు లాభం ఇక్కడే ఉంది. మామూలు స్టెతస్కోప్ శబ్దాన్ని పెద్దగా పెంచదు. దాన్ని చెదిరిపోనీయకుండా చెవిదాకా తెస్తుంది, వార్డులోని గోలని బయట ఆపుతుంది. రెండు చెవులూ బిగువుగా మూసుకుంటేనే ఆ పని జరుగుతుంది.

అందుకే షాపులో ముందు చూడాల్సింది ఇయర్ టిప్స్. మన చెవి రంధ్రం తిన్నగా లోపలికి పోదు, కాస్త ముందుకి వంగి ఉంటుంది. పెట్టుకునేటప్పుడు టిప్స్ ముక్కువైపు తిరిగి ఉండాలి. తిప్పి పెట్టుకుంటే ఎంత ఖరీదైనదైనా మూగదే. పెట్టుకోగానే షాపులో మాటలు దూరమైనట్టు అనిపించాలి, చెవి నొప్పి పెట్టకూడదు. టిప్స్ మెత్తగా ఉండాలి, విడిగా దొరకాలి.

ఛాతీ మీద పెట్టే బిళ్ళకి రెండు ముఖాలు. గిన్నెలా ఉండేది బెల్; పల్చటి పొర బిగించింది డయాఫ్రం. ఈ పొరని 1890లలో అమెరికన్ ఇంజనీరు రాబర్ట్ బౌల్స్ తెచ్చాడు. బిగిసిన పొర మంద్రస్థాయి శబ్దాలను అణచి, ఊపిరి శబ్దాల్లాంటి హెచ్చుస్థాయి వాటిని ముందుకు తెస్తుంది. గుండె తాలూకు కొన్ని మంద్రమైన చప్పుళ్ళకి బెల్ కావాలి, దాన్ని ఒంటికి తేలిగ్గా ఆనించాలి. గట్టిగా నొక్కితే రోగి చర్మమే తబలా మూతలా బిగుసుకుని డయాఫ్రం అయిపోతుంది. ఏ ముఖం పనిచేస్తోందో తెలియాలంటే డయాఫ్రం మీద వేలితో మెల్లగా తట్టాలి. వినిపించకపోతే బిళ్ళని టక్కుమనేదాకా తిప్పాలి.

మొదటి ఏడాది విద్యార్థి చేతిలో స్టెతస్కోప్ ఎక్కువగా తిరిగేది గుండె మీద కాదు, మోచేతి మడత దగ్గర. అక్కడ బీపీ చూసే ఈ పద్ధతి పుట్టింది 1905లో. రష్యన్ సర్జన్ నికొలాయ్ కొరట్కాఫ్ సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఒక పేజీ కూడా నిండని నివేదిక చదివాడు. కఫ్‌లో గాలి ఎక్కించి రక్తనాళం పూర్తిగా మూసుకుపోయేలా చేసి, మెల్లగా వదులుతుంటే మొదటి టక్ వినిపించేది పై బీపీ, చప్పుడు ఆగిపోయేది కింది బీపీ. అంతకుముందు నాడి పట్టుకుని పై అంకె మాత్రమే చూడగలిగేవాళ్ళు. వార్డులో రోజంతా ఇదే పని కాబట్టి చెవికి సుఖంగా ఉండటం విలాసం కాదు, అవసరం.

ఇప్పుడు కనిపించే తేలికైన రూపానికి మూలం బోస్టన్ కార్డియాలజిస్టు డేవిడ్ లిట్‌మన్ 1961లో రాసిన వ్యాసం. ఆయన కంపెనీ ముఖ్యంగా రెండు మోడల్స్ అమ్మింది, డాక్టర్లకి ఒకటి, నర్సులకి ఒకటి. 1967లో త్రీఎం సంస్థ దాన్ని కొనేసింది. డాక్టర్లకొకటి, నర్సులకొకటి అన్న ఆ విభజన నాకు నచ్చదు. ఐసీయూలో రాత్రంతా మంచం పక్కన ఉండేది నర్సే. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతున్న చప్పుడు ముందు పడాల్సింది ఆమె చెవినే. అలాగని మొదటి ఏడాదే కార్డియాలజీ మోడల్ కోసం ఇంట్లో అప్పు చేయించనక్కర్లేదు. రెండు ముఖాలూ ఉండి, చెవికి సరిపోయి, ట్యూబు మందంగా ఉన్న మధ్యరకం చాలు. పేరు చెక్కించుకోండి, వార్డులో ఇవి చేతులు మారడం మామూలే.

లెన్నెక్ గొట్టం మ్యూజియంకే పరిమితం కాలేదు. 1895లో పారిస్ ప్రసూతి వైద్యుడు అడాల్ఫ్ పినార్ చేసిన బూరలాంటి ఫీటోస్కోప్ దాని వారసురాలే. కరెంటుతో పని లేకుండా గర్భిణి పొట్ట మీద పెట్టి బిడ్డ గుండె లెక్కపెట్టొచ్చు. నిమిషానికి 110 నుంచి 160 మధ్య ఉండాలి. ప్రసూతి పోస్టింగ్‌లో అది చేతికిస్తే పాతదని పక్కన పెట్టకండి.

కొన్నాక ఇంకో పని మిగులుతుంది. 2014లో జెనీవా పరిశోధకులు చూస్తే డాక్టర్ల డయాఫ్రం మీద సూక్ష్మజీవులు వాళ్ళ అరచేతుల మీదకన్నా ఎక్కువున్నాయి, వేలికొసలు మాత్రమే దాన్ని మించాయి. ఒక రోగికీ ఇంకో రోగికీ మధ్య స్పిరిట్ దూదితో తుడవాలి. ట్యూబుని మాత్రం స్పిరిట్‌లో నానబెట్టకండి, ఒంటి జిడ్డు తగిలేలా మెడ చర్మం మీదా వేసుకోకండి. రెండింటివల్లా అది బిరుసెక్కుతుంది.