సెయింట్ లూయిస్‌లో దగ్ధమైన సైన్యం

రెండు ప్రపంచ యుద్ధాలలోనూ, కొరియా యుద్ధంలోనూ పోరాడిన అమెరికన్ ఆర్మీ సైనికులలో అత్యధికుల సేవావృత్తాంతం 1973 జూలైలో ఒకే భవనంలో బూడిద అయింది. శత్రువుల బాంబులు అందుకు కారణం కావు. మిస్సోరీ రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగరపు పొలిమేరన ఉన్న ఓవర్లాండ్ పట్టణంలోని జాతీయ సిబ్బంది రికార్డుల కేంద్రంలో ఆ నెల 12వ తేదీ అర్ధరాత్రి దాటిన కొద్దిసేపటికి నిప్పు అంటుకుంది. ఆరవ అంతస్తులో పుట్టిన మంట 22 గంటలపాటు అదుపు లేకుండా చెలరేగింది. పరిసర ప్రాంతాలలోని 42 అగ్నిమాపక విభాగాలు తరలివచ్చాయి. మంటలు పూర్తిగా ఆరిపోయాయని ప్రకటించేసరికి 16వ తేదీ వచ్చింది. కారణమేమిటన్నది అధికారికంగా నేటికీ తేలలేదు. కప్పు కూలిపోయి, సాక్ష్యమన్నది సమస్తం శిథిలాలలో కలిసిపోయిన తరువాత తేల్చేదెవరు?

ఆ భవనం సామాన్యమైనది కాదు. 1956లో పూర్తయిన ఆ ఆరంతస్తుల కట్టడానికి రూపశిల్పి మినోరు యమసాకి. తరువాతి కాలంలో న్యూయార్క్ ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంట గోపురాలకు రూపకల్పన గావించినవాడు ఆయనే. అయితే కాగితాలు భద్రపరచిన విశాలమైన అంతస్తులలో మంటలపై వాటంతట అవే నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు, మంట వ్యాపించకుండా అడ్డుగోడలూ లేవు. స్ప్రింక్లర్లు కారితే కాగితాలు తడిసి పాడవుతాయన్న భయం ఆనాటి రికార్డుల నిపుణులలో పలువురికి ఉండేది. నీటికి జడిసి వదిలివేసిన కాగితాలపైనే చివరకు అగ్నిమాపక దళాలు లక్షల గాలన్ల నీరు కుమ్మరించవలసి వచ్చింది.

నష్టం లెక్క చూడండి. కోటీ అరవై లక్షల నుంచి కోటీ ఎనభై లక్షల వరకు ఫైళ్ళు నాశనమయ్యాయి. 1912 నవంబరు 1 నుంచి 1960 జనవరి 1 వరకు ఆర్మీ నుంచి విడుదలైనవారి రికార్డులలో నూటికి 80 పాళ్ళు పోయాయి. 1947 సెప్టెంబరు 25 నుంచి 1964 జనవరి 1 వరకు వైమానిక దళం నుంచి విడుదలైనవారి ఫైళ్ళలో, అక్షర క్రమంలో ‘హబ్బర్డ్’ అన్న పేరు దాటిన తరువాత ఉన్నవాటిలో 75 పాళ్ళు పోయాయి. ఆ పేరుకు ముందున్నవారు అదృష్టవంతులు. యుద్ధంలో ఎవరు ఏ సాహసం చేశారన్నదానితో నిమిత్తం లేకుండా, ఇంటిపేరులోని మొదటి అక్షరం వారి భాగ్యాన్ని నిర్ణయించింది! వీటికి నకళ్ళు లేవు. మైక్రోఫిల్ము తీయలేదు. ఏ ఫైలు ఉండేదో, ఏది లేదో చెప్పే సూచిక కూడా లేదు. అగ్నిప్రమాదానికి ముందే లక్షల సంఖ్యలో కాగితాలు మాజీ సైనికుల సంక్షేమ శాఖకు ఎరువుగా వెళ్ళాయి. వాటికీ పూర్తి పట్టిక లేదు. ప్రపంచంలోకెల్లా సంపన్నమైన ప్రభుత్వపు కచేరీ సంగతి ఇది.

చరిత్రకారుల దుఃఖం ఒక ఎత్తు. మాజీ సైనికుల గతి మరొక ఎత్తు. వైకల్య పింఛను కావాలన్నా, సైనిక వైద్యశాలలో చికిత్స కావాలన్నా, మరణానంతరం జాతీయ శ్మశానవాటికలో ఆరడుగుల నేల కావాలన్నా, తాను సేవ చేసినట్టూ, గాయం ఆ సేవలోనే తగిలినట్టూ సైనికుడు నిరూపించుకోవాలి. రుజువు ప్రభుత్వం దగ్గర ఉండేది. దానిని పోగొట్టినదీ ప్రభుత్వమే. లేని కాగితం తెమ్మని ముదుసలి సైనికుణ్ణి నిలదీయడంలోని అన్యాయాన్ని అక్కడి న్యాయస్థానం పట్టించుకున్నది. రికార్డులు ప్రభుత్వ స్వాధీనంలో ఉండగా నశించినప్పుడు, సంశయలాభాన్ని అర్జీదారుకు ఇచ్చే విషయాన్ని మరింత శ్రద్ధగా పరిశీలించాలనీ, నిర్ణయానికి కారణాలు వివరించాలనీ మాజీ సైనికుల అప్పీళ్ళ కోర్టు 1991లో నిర్దేశించింది. అగ్నిప్రమాదం జరిగి అప్పటికి 18 ఏళ్ళు!

అమెరికన్లను మెచ్చుకోదగిన అంశమూ ఇందులోనే ఉన్నది. ప్రమాదం జరిగిన పదకొండవ రోజున, జూలై 23న, సైనికుల చరిత్రను పునర్నిర్మించడానికి ఉపకరించగల ఏ రికార్డునూ ఏ ప్రభుత్వ శాఖా ధ్వంసం చేయరాదని ఉత్తర్వు వెలువడింది. నీట నానిన కట్టలను పాలసీసాల ప్లాస్టిక్ పెట్టెలలో పేర్చి, అదే నగరంలోని మెక్‌డొనెల్ డగ్లస్ విమాన సంస్థకు పంపారు. మెర్క్యురీ, జెమినీ వ్యోమనౌకల కోసం అంతరిక్ష వాతావరణాన్ని సృష్టించిన నిర్వాతపు గదిలో, ఒక్కొక్క విడతకు రమారమి రెండు వేల పెట్టెల వంతున ఆరబెట్టారు. ఈ విధంగా 65 లక్షల ఫైళ్ళు దక్కాయి. పోయినవాటికి బదులుగా జీతాల రసీదులు, దళాల దినసరి హాజరు నివేదికలు, రాష్ట్రాల సైనిక కార్యాలయాల పత్రాలు వెదికి కొత్త ఫైళ్ళు కట్టడం ఆరంభించారు. యుద్ధకాలపు సైనిక ఆసుపత్రులలో చేరినవారి వివరాలు కోటి వరకు నమోదైన కంప్యూటర్ టేపులు 1988లో ఈ కేంద్రానికి అందాయి. ఎప్పుడో ఎవరో గణాంకాల కోసం నమోదు చేసిన టేపులు మూడు దశాబ్దాల అనంతరం పింఛను రుజువులయ్యాయి.

ఈ విషయం ఢిల్లీలో కూర్చుని వ్రాస్తున్నప్పుడు మన సంగతి తలపుకు రాక మానదు. 1971 యుద్ధానికి సంబంధించిన తూర్పు కమాండు రికార్డులు ధ్వంసమైనట్లు 2010లో పత్రికలు వ్రాశాయి. 1962 పరాజయంపై హెండర్సన్ బ్రూక్స్, భగత్‌లు సమర్పించిన నివేదిక బయటపెట్టరేమని సభ్యులు అడిగినప్పుడు, అందులోని అంశాలకు నేటికీ సైనికపరమైన ప్రాధాన్యం ఉన్నదని అదే సంవత్సరం రక్షణ మంత్రి ఆంటోనీ పార్లమెంటుకు తెలిపారు. యుద్ధ చరిత్రల సంకలనానికీ, రికార్డుల బహిర్గతానికీ రక్షణ శాఖ ఒక విధానాన్ని ప్రకటించడానికి 2021 రావలసి వచ్చింది. అక్కడ కాలిన కాగితాన్ని సైతం తెరచి చూపుతున్నారు. ఇక్కడ కాలనిదాన్ని చూపడానికి మనసు రావడం లేదు.

సెయింట్ లూయిస్ కేంద్రం 2011లో స్పానిష్ లేక్ అనే చోట కట్టిన కొత్త భవనానికి మారింది. అంచులు మాడిన ఫైళ్ళను అక్కడ శీతోష్ణ నియంత్రణ గల గదులలో విడిగా ఉంచారు. వాటన్నిటినీ ఒక్కసారిగా బాగుచేయడం అసాధ్యం కనుక, ఏదైనా ఒక ఫైలు కావాలని అర్జీ వచ్చినప్పుడే దానిని వెలికితీస్తారు. బూజు పట్టి, బూడిద రాలే పుటలను సిబ్బంది చేతులకు తొడుగులు వేసుకుని, కుంచెతో తుడిచి, ఒక్కొక్కటిగా విడదీస్తారు. అర్జీ రాని ఫైళ్ళు అలాగే ఉన్నాయి.