ఆగిన కారులో ఆగని ఇంజన్

సూరత్‌లోని గోడాదరాలో మరమగ్గాలు, బట్టల వ్యాపారం వెంట వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అక్కడి రోడ్డు మీద బట్టల మూటల టెంపోలు, ఆటోలు, బైకుల మధ్య మీ ఆటోమేటిక్ కారు ఆగిందనుకోండి. లివర్ 'డి'లోనే ఉంచాలా, 'ఎన్'కు మార్చాలా?

టార్క్ కన్వర్టర్ ఉన్న కారులో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ లంకె నూనే. హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం పేటెంటు తీసుకున్న ఉపాయమిది. ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది. రెండోదాన్ని పట్టి ఆపినా మొదటిది ఆగదు. పట్టి ఆపే ఆ చెయ్యే మీ బ్రేకు. ఇంజన్ శక్తి నూనెను వేడెక్కిస్తుంది. నూనెను చల్లబరిచే ఏర్పాటు ఉంటుంది కనుక ఒకటి రెండు నిమిషాలకు ఫర్వాలేదు.

అసలు చిక్కు సగం బ్రేకుతోనే. ఏఎంటీ, డ్యూయల్ క్లచ్ కార్లలో బ్రేకు పూర్తిగా నొక్కితే సాధారణంగా క్లచ్ విడిపోతుంది. సగం వదిలి అంగుళం అంగుళం జరిపితే క్లచ్ రాపిడికి వేడెక్కి అరుగుతుంది. కాలు జారితే మరీ ప్రమాదం. 1,200 కిలోల కారు గంటకు 6 కిలోమీటర్ల వేగంతో పాకినా దాని గతిజ శక్తి సుమారు 1,670 జౌల్స్. 60 కిలోల మనిషి 2.8 మీటర్ల ఎత్తు నుంచి పడినంత! ముందున్నది పిల్లల్ని ఎక్కించుకున్న బైకు కావచ్చు.

చిన్న సిగ్నలైతే 'డి'లోనే ఉంచి బ్రేకు గట్టిగా తొక్కండి. రైల్వే గేటు పడితే 'ఎన్', హ్యాండ్‌బ్రేకు. 'పి' మాత్రం వద్దు. చాలా కార్లలో అక్కడికి 'ఆర్' మీదుగానే వెళ్లాలి. వెనక తెల్ల లైటు వెలగగానే బైకతను ఉలిక్కిపడతాడు.