సినిమా హాలు తర్వాతే బడి

వేపచెట్లు ఆకు రాల్చి చిగురేసే వేళకు, 2021 ఫిబ్రవరిలో, హైదరాబాద్ తూర్పు వైపు చెంగిచెర్ల నుంచి నాచారం దాకా, కరోనా లాక్‌డౌన్ తర్వాత బతుకు మళ్లీ గాడిన పడినట్టే కనిపించింది. ఉప్పల్ మీదుగా మెట్రో 2020 సెప్టెంబరులోనే కదిలింది. ఫిబ్రవరి మొదట్లో సినిమా హాళ్లకు పూర్తి సీట్లతో అనుమతి వచ్చింది. బడులు మాత్రం మెట్టుమెట్టుగా తెరిచారు: తొమ్మిది, ఆపై తరగతులకు ఫిబ్రవరి 1న, ఆరు నుంచి ఎనిమిది వరకు 24న. ఐదో తరగతి వరకు పిల్లల వంతు రానేలేదు. మార్చి 24 నుంచి అందరికీ మళ్లీ మూతే. సడలింపులో ముందు వరుస కాసులదే అయింది.

చిన్నపిల్లలు మాస్కు నిలుపుకోరు, ఇంట్లో ముసలివాళ్లకు అంటిస్తారన్న భయం కొట్టిపారేసేది కాదు. మార్చిలో కేసులు పెరిగాయి కూడా. కానీ ఆ జాగ్రత్త హాళ్లకెందుకు వర్తించలేదు? టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానళ్లలో పాఠాలు వచ్చాయిగా అనొచ్చు. పెద్ద పిల్లలకు అవి కొంత ఆసరాయే. ఒకటో తరగతి వేరు: పలక మీద బలపం పట్టిన వేళ్లను టీచరమ్మ తన చేత్తో పట్టుకుని ‘అ’ దిద్దించాలి. ఆ పని టీవీ చేయలేదు. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ పొద్దున్నే నాన్న జేబులో షిఫ్టుకు వెళ్లిపోతే, వాట్సాప్‌లో వచ్చిన హోంవర్కు రాత్రికి గానీ తెరుచుకునేది కాదు. అప్పటికి పిల్ల నిద్రపోయేది.