తప్పు అమ్మది కాదు!

'కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూసుంటుంది.'
'పొద్దస్తమానం ఆఫీసంటూ తిరిగితే పిల్లాడితో మాట్లాడేదెవరు?'
'ఆ టీకా వేయించాకే ఇలా అయ్యాడు.'
'చేతికి ఫోనిచ్చి కూర్చోబెడితే ఇంతే మరి!'

పిల్లాడికి ఆటిజం ఉందని డాక్టర్ చెప్పిన మర్నాటి నుంచీ ఆ ఇంట్లో మొదలయ్యే మాటలివి. ఏ మాట చూడండి, వేలు చివరికి అమ్మవైపే తిరుగుతుంది.

పాపం, ఇదేమీ మన అత్తగార్లు కనిపెట్టింది కాదు. పెద్ద డాక్టర్లే మొదలెట్టారు! 1943లో అమెరికాలోని బాల్టిమోర్‌లో లియో కానర్ అనే వైద్యుడు 11 మంది పిల్లల్ని పరిశీలించి ఆటిజం గురించి రాశాడు. పుట్టుకతోనే వచ్చేదని అంటూనే, తల్లిదండ్రుల్లో ఆప్యాయత తక్కువగా కనిపించిందనీ ఓ మాట చేర్చాడు. జనం రెండో మాటే పట్టుకున్నారు. బిడ్డను దగ్గరకు తీయని చల్లటి 'ఫ్రిజ్ తల్లులు' అని పేరు పెట్టేశారు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్ ఆ వాదంతో ఏకంగా పుస్తకమే రాశాడు. ఓ తరం తల్లులు ఆ నింద మోస్తూ బతికారు.

ఎదురుతిరిగిన వాళ్లలో ఓ తండ్రి ఉన్నాడు. పేరు బెర్నార్డ్ రిమ్లాండ్. స్వయంగా మనస్తత్వ శాస్త్రవేత్త, కొడుక్కి ఆటిజం. ఇది పెంపకం లోపం కాదు, మెదడుకు సంబంధించిందని 1964లోనే పుస్తకం రాశాడు. 1969లో కానర్ కూడా తల్లిదండ్రుల సభలో 'మీ తప్పేం లేదు' అని చెప్పేశాడు.

మరి కారణమేంటి?

కవల పిల్లలు ఆ గుట్టు కొంత విప్పారు. 1977లో బ్రిటన్‌లో 21 కవల జంటల్ని పరిశీలించారు. ఒకే పోలికతో పుట్టిన 11 జంటల్లో నాలుగింట ఇద్దరికీ ఆటిజం ఉంది. వేర్వేరు పోలికలున్న 10 జంటల్లో అలాంటిది ఒక్కటీ లేదు. పెంచిన చేతులు అవే, తిన్న తిండీ అదే. తేడా అల్లా జన్యువుల్లోనే! 2019లో ఐదు దేశాల సమాచారంతో చేసిన పెద్ద అధ్యయనం కూడా జన్యువుల పాత్ర దాదాపు 80 శాతమని లెక్కగట్టింది.

అలాగని ఒక్క జన్యువు పని కాదు, వందలున్నాయి. 'మా వంశంలో ఎవరికీ లేదే' అంటారు కానీ, కొన్ని మార్పులు తల్లిలోనూ తండ్రిలోనూ లేకుండా బిడ్డలోనే కొత్తగా వస్తాయి. కాబట్టి మీ వైపా, మా వైపా అన్న పంచాయతీ అనవసరం. నెలలు బాగా తక్కువగా పుట్టడం, తల్లిదండ్రుల వయసు ఎక్కువగా ఉండటం వంటివీ ముప్పును కొంత పెంచుతాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ మందును గర్భిణులు వాడితే ముప్పు ఉంది. అయితే సొంతంగా మానేస్తే మూర్ఛ తిరగబెట్టి అసలుకే మోసం. డాక్టర్‌నడిగే మార్చుకోవాలి.

పన్నెండు మందితో పుట్టిన భయం

టీకా కథ 1998 నాటిది. బ్రిటన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టర్ కేవలం 12 మంది పిల్లల్ని చూపించి, ఎంఎంఆర్ టీకాకీ ఆటిజానికీ ముడిపెట్టాడు. టీకా కంపెనీల మీద కేసు వేయబోతున్న లాయర్ దగ్గర డబ్బు పుచ్చుకున్నాడని తర్వాత బయటపడింది. 2010లో 'లాన్సెట్' పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది, ఆయన డాక్టర్ పట్టా కూడా పోయింది. 2019లో డెన్మార్క్‌లో 6,57,461 మంది పిల్లల్ని లెక్కతీస్తే టీకా వేసుకున్నవాళ్లలో ఆటిజం ఏమాత్రం ఎక్కువ లేదు.

అయినా అనుమానం ఎందుకు పోదు? మన దగ్గర తట్టు టీకా రెండో డోసు 16 నుంచి 24 నెలల మధ్య వేస్తారు. పిలిస్తే పలకకపోవడం, వచ్చిన నాలుగు మాటలూ పోవడం... అమ్మానాన్నల కంట పడేదీ సరిగ్గా ఆ వయసులోనే. రెండూ ఒకేసారి జరిగాయి కాబట్టి ఒకటి రెండోదానికి కారణమనిపిస్తుంది. తట్టు మాత్రం నిజంగానే ప్రాణం తీసే జబ్బు.

2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు ట్రంప్ గర్భిణులు వాడే పారాసిటమాల్ మీద వేలెత్తి చూపారు. అంతకు ముందు ఏడాదే స్వీడన్‌లో దాదాపు 25 లక్షల మంది పిల్లల రికార్డులు తిరగేశారు. ఒకే తల్లి పిల్లల్ని పోల్చి చూస్తే ఆ మాత్రకీ ఆటిజానికీ సంబంధం కనిపించలేదు.

ఇక ఫోను. గంటలకొద్దీ చూస్తే మాటలు ఆలస్యం కావచ్చు, అది మంచిదీ కాదు. కానీ ఆటిజం ఫోను వల్లే వస్తుందనడానికి రుజువు లేదు. 1943లో ఏ పిల్లాడి చేతిలో సెల్‌ఫోనుంది?

అసలు నష్టం ఇంకోచోట జరుగుతోంది. 'వాళ్ల మామయ్యకీ ఐదేళ్లకే మాటలొచ్చాయి' అని ఆగుతారు. వసకొమ్ము అరగదీసి నాకిస్తూ ఇంకొన్నాళ్లు చూస్తారు. ఏడాది దాటినా పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోయినా, కావాల్సింది వేలితో చూపించకపోయినా, వచ్చిన మాటలు పోయినా ఆగకూడదు. ముందు చెవులు పరీక్ష చేయించి, పిల్లల డాక్టర్‌కి చూపించాలి. మాట, నడవడిక నేర్పే శిక్షణ చిన్న వయసులోనే మొదలెడితే ఫలితం ఎక్కువ. ఇలాంటి పిల్లల కోసం ప్రభుత్వాసుపత్రులకు అనుబంధంగా జిల్లా సత్వర చికిత్స కేంద్రాలున్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్రప్రభుత్వ సంస్థ కూడా ఉంది. వెళ్లేటప్పుడు పిల్లాడు ఇంట్లో ఆడుకుంటున్న వీడియో ఒకటి ఫోనులో తీసుకెళ్తే డాక్టర్‌కి చాలా ఉపయోగం.