గిటారు మీద పులి చారలు

కిందటి సంవత్సరం క్రిస్మస్‌కు ముందు మా సంఘపు యౌవనస్థులు ఒక ఎలక్ట్రిక్ గిటారు కొన్నారు. కోతల కాలంలో కూలికి వెళ్లి దాచిన డబ్బు, కేరల్స్ రౌండ్‌లో వచ్చిన కానుకలు, స్త్రీల సమాజం వారు ఇచ్చినది, అన్నీ కలిపి రెండేళ్లు కూడబెట్టారు. పట్టణంలో దుకాణం యజమాని రెండు గిటార్లు చూపించాడట. రెండూ ఒకే కంపెనీవి, ఒకే ఆకారం. ఒకటి నల్లది. రెండవది నడుమ తేనె రంగులో, అంచుల్లో ఎర్రగా, అడ్డంగా పులి చారల్లాంటి గీతలతో మెరిసిపోతూ ఉంది. దాని చీటీ మీద "చెర్రీ సన్‌బర్స్ట్, ఫ్లేమ్ మేపుల్ టాప్" అని రాసి ఉంది. నల్లదానికన్నా 4500 రూపాయలు ఎక్కువ. "ఇది విదేశీ కర్ర బాబూ, దీని శబ్దమే వేరు" అన్నాడట. పిల్లలు అదే తెచ్చారు.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరమూ దాని చుట్టూ చేరాము. మా సంఘంలో పెద్ద వడ్రంగి ఒకరున్నారు. అందరమూ తాతయ్యగారనే పిలుస్తాము. ఆయన గిటారును గుమ్మం దగ్గరకు తీసుకెళ్లి, వెలుతురులో ఇటు వంచి, అటు వంచి చూశారు. "ఒరే అబ్బాయిలూ, ఇది కర్రలో ఉన్న గీత కాదురా. అచ్చు వేసిన బొమ్మ. సన్‌మైకా మీద టేకు గీతలుంటాయే, అలాంటిది" అన్నారు. పిల్లల ముఖాలు చిన్నబోయాయి.

తప్పు పిల్లలది కాదు. ఆ చీటీ మీది మాటలు మాలో మాత్రం ఎవరికి అర్థమయ్యాయి గనుక! ఇప్పుడు మన గుళ్లలో హార్మోనియం, డోలకు పక్కన గిటారు కూడా వచ్చి చేరింది. దానికి వెచ్చించేది పదిమంది కష్టార్జితం. అందుచేత ఈ పేర్ల సంగతి ఏమిటో విచారించి, తెలుసుకున్నంత వరకు ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. గిటారు చీటీ మీద రెండు వేరు వేరు సంగతులు ఒకే వరుసలో కలిసి ఉంటాయి. ఒకటి పూత పేరు. రెండవది ఆ పూత కింది కర్ర పేరు. "చెర్రీ సన్‌బర్స్ట్" అన్నది పూత. పొద్దు పొడిచినట్టు నడుమ వెలుగుగా, అంచులకు పోయేకొద్దీ ముదురుగా ఉండే రంగు అది. వేపచెక్క మీద వేసినా అది చెర్రీ సన్‌బర్స్టే. "ఫ్లేమ్ మేపుల్" అన్నది కర్ర. అది ఉండాలి, లేదా ఉండకూడదు.

కార్ల మీది రంగులు

ఎలక్ట్రిక్ గిటార్లు పుట్టి పెరిగింది ముఖ్యంగా అమెరికాలో. కాలిఫోర్నియా రాష్ట్రంలోని ఫుల్లర్టన్ అనే ఊళ్లో లియో ఫెండర్ గారి కర్మాగారం 1954లో స్ట్రాటోకాస్టర్ అనే గిటారును తెచ్చింది. మొదట్లో అది నడుమ పసుపు, అంచున నలుపు. 1958లో ఆ రెంటి మధ్య ఎరుపు చేర్చారు. వేరే రంగు కావాలన్నవారు ధర మీద నూటికి 5 వంతులు అదనంగా ఇస్తే వేసి ఇచ్చేవారు. ఆ రంగులు ఎక్కడివనుకున్నారు? కార్లవి. డ్యుపాంట్ కంపెనీ మోటారు కార్ల కోసం చేసిన పెయింటునే కొని గిటార్లకు వేశారు. "ఫియెస్టా రెడ్" 1956 నాటి ఫోర్డ్ థండర్‌బర్డ్ కారు రంగు. "లేక్ ప్లాసిడ్ బ్లూ" కాడిలాక్ కారు రంగు. లేక్ ప్లాసిడ్ న్యూయార్క్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరు. 1932లో ఒకసారి, 1980లో ఒకసారి శీతకాలపు ఒలింపిక్స్ అక్కడ జరిగాయి. గిటారుకూ ఆ ఊరికీ ఏ సంబంధమూ లేదు. కార్లు అమ్మేవారు పెట్టుకున్న ముద్దుపేరు గిటారుకు సంక్రమించింది, అంతే.

"కాండీ ఆపిల్ రెడ్" అన్నది పంచదార పాకంలో ముంచిన ఆపిల్ పండు పేరు. ముందుగా వెండి లేక బంగారు రంగు మెరుపు పూత వేసి, దాని మీద గాజులాంటి ఎర్ర పూత వేస్తారు. కింది మెరుపు పై ఎరుపులో నుండి తొంగిచూస్తుంది.

ఇవన్నీ కర్రను పూర్తిగా కప్పేసే రంగులు. అటువంటి గిటారు చీటీ మీద చారల కర్ర పేరు కనబడితే ఆగి అడగాలి. కంటికి కనబడని చారకు వెల ఎందుకు?

"ట్రాన్స్‌పరెంట్" అని ఉంటే కింది కర్ర కనబడేటంత పలుచని రంగు. "నేచురల్" అంటే రంగు కలపని మెరుగు. "శాటిన్" రంగు పేరు కాదు, మెరుపు తక్కువ అని అర్థం. చేయి ఆనే చోట కొన్నాళ్లకు అదే నునుపెక్కి మెరుస్తుంది. "వింటేజ్ వైట్" అంటే కొత్త గిటారుకు పాతబడిన తెలుపు వేశారని. పాత ఫెండర్ గిటార్లపై వేసిన లాకరు ఏళ్లు గడిచేకొద్దీ పసుపెక్కి, తెల్లవి మీగడ రంగుకు, లేక్ ప్లాసిడ్ నీలాలు ఆకుపచ్చకు తిరిగాయి. పాతవాటికి గిరాకీ పెరిగాక ఆ ముసలి రంగులనే కొత్తవాటికి వేసి అమ్మసాగారు.

వెలిసిపోయిన ఎరుపు

చెర్రీ సన్‌బర్స్ట్ కథ ఇంకా చిత్రమైనది. మిషిగన్ రాష్ట్రం కలమజూ పట్టణంలోని గిబ్సన్ కంపెనీ 1952లో "లెస్ పాల్" అనే గిటారును తెచ్చింది. మహాగని కర్ర బాడీ మీద మేపుల్ పలక మందంగా అతికించి, ఉబ్బెత్తుగా చెక్కి, అంతా బంగారు రంగు పూశారు. కింది కర్ర ఎలా ఉన్నా కనబడేది కాదు. అమ్మకాలు తగ్గడంతో 1958లో బంగారు రంగు మాని, కర్ర కనబడే చెర్రీ సన్‌బర్స్ట్ వేశారు. అప్పుడు లోపలి కర్ర బయటపడింది. కొన్నిటికి చారలు దట్టంగా ఉన్నాయి, కొన్నిటికి ఏమీ లేవు. కొన్నవారికి ఏది వస్తే అదే. 1960తో ఆ నమూనా ఆగిపోయింది. ఆనాటివి ఈనాడు ఒక్కొక్కటి లక్షల డాలర్లకు చేతులు మారుతున్నాయి.

అయితే మొదటి రెండేళ్లు వాడిన ఎర్ర రంగు వెలుతురుకు ఆగేది కాదు. కిటికీ పక్కన, దుకాణపు అద్దాల వెనుక ఉన్నవి వెలిసిపోయాయి. ఒకే పేరుతో బయటికి వచ్చిన గిటార్లలో ఒకటి నిమ్మపండులా, ఒకటి తేనెలా, ఒకటి పాలు పోయని టీలా తయారయ్యింది. సేకరించేవారు వాటిని అలాగే పిలిచారు. తరువాత కంపెనీలు ఆ పేర్లే పెట్టి కొత్తగా రంగులు వేయసాగాయి. లెమన్ బర్స్ట్, హనీ బర్స్ట్, ఐస్డ్ టీ అని మీరు చీటీల మీద చదివేవి అవే. ఒక పూత వెలిసిన తీరు మరొక పూతకు పేరయ్యింది.

చారలు ఎలా వస్తాయి?

మేపుల్ మన ఊళ్ల చెట్టు కాదు. గిటార్లకు ఎక్కువగా వాడేవి ఉత్తర అమెరికా జాతులు, కర్ర లేత రంగులో ఉంటుంది. మామూలుగా చెట్టులో నార సూటిగా పైకి పోతుంది. కొన్ని చెట్లలో అది అలలు అలలుగా వంకర్లు తిరుగుతూ పెరుగుతుంది. ఆ కర్రను కోసి చిత్రిక పట్టినప్పుడు నార ఒకచోట మన వైపు తల ఎత్తి ఉంటుంది, ఆ పక్కనే తల దించి ఉంటుంది. ఒకటి వెలుతురును తిప్పికొడుతుంది, రెండవది మింగుతుంది. గిటారును కాస్త వంచితే మెరిసిన చార నల్లబడి, నల్లగా ఉన్న చార మెరుస్తుంది. రెండు రంగుల నేత పట్టుచీర మడత కదిపినప్పుడు రంగు మారడం మన అక్కచెల్లెళ్లందరికీ తెలుసు. ఇదీ అటువంటిదే. తాతయ్యగారు గుమ్మం దగ్గర వెదికింది ఆ కదలికనే. అచ్చు బొమ్మలో నల్లగీత ఎటు తిప్పినా నల్లగీతగానే ఉంటుంది.

ఈ అడ్డచారల కర్రను ఫ్లేమ్ అంటారు, కర్లీ అని, టైగర్ అని కూడా అంటారు. వయొలిన్ వీపుకు ఇదే వాడతారు గనుక ఫిడిల్‌బ్యాక్ అనే పేరు కూడా ఉంది. ఇటలీ దేశంలోని క్రెమోనాలో 1737లో చనిపోయిన స్ట్రాడివారి చేసిన వయొలిన్ల వీపుల మీద ఈ చారలు చూడవచ్చు. గిటారువారు కొత్తగా కనిపెట్టిన వేడుకేమీ కాదిది. "క్విల్ట్" అంటే బొంత. చారలకు బదులు ఉబ్బెత్తు మెత్తల్లా, వాన చినుకులు పడిన చెరువులా కనబడుతుంది. పసిఫిక్ తీరాన ఒరెగాన్, వాషింగ్టన్, బ్రిటిష్ కొలంబియా ప్రాంతాల్లో పెరిగే పెద్ద ఆకుల మేపుల్‌లో ఇది ఎక్కువగా దొరుకుతుంది. "బర్డ్స్ ఐ" అంటే పిట్టకన్ను, చిన్న చిన్న చుక్కలు. "స్పాల్టెడ్" అన్న మాట వినడానికి ఘనంగా ఉంటుంది గాని, బూజు పట్టిన కర్ర అని దాని అర్థం. బూజు కర్ర లోపల గీసిన నల్ల గీతలు అందంగా ఉన్నాయని వాడతారు. మా తాతయ్యగారైతే దాన్ని పొయ్యిలోకి పంపుతారు.

పలకను మందంలో రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన అతికిస్తారు. ఎడమ సగం కుడి సగానికి అద్దంలో నీడలా ఉంటుంది. రంగు వేసే ముందు ముదురు రంగు పట్టించి గరుకు కాగితంతో రుద్దితే, అది నార లోతుల్లో మాత్రం నిలిచి చారలు ఎత్తి కనబడతాయి. అందులో మోసం లేదు. కంటికి కాటుక లాంటిది.

మందం ఎంత?

కొనేవారు అడగవలసిన ప్రశ్న ఇదే. గిబ్సన్ లెస్ పాల్ మీది మేపుల్ నడుమ భాగంలో సుమారు అర అంగుళం మందం ఉంటుంది. తక్కువ ధర గిటార్లలో మామూలు కర్ర మీద మిల్లీమీటరుకు లోపు పొర అతికిస్తారు. దాన్ని వెనీర్ అంటారు. ఎపిఫోన్ వంటి కంపెనీలు "ఫ్లేమ్ మేపుల్ వెనీర్" అని తామే రాస్తాయి. అదీ నిజమైన కర్రే, వెలుతురులో కదులుతుంది. తలుపులకు మనం టేకు వెనీర్ వేయించుకోవడం లేదా? ధర దానికి తగినట్టు ఉంటే సరి. ఇక మూడవది ఫోటో. 1990లలో ఫెండర్ పేరుతో జపానులో తయారైన కొన్ని గిటార్లకు "ఫోటో ఫ్లేమ్" అని బాహాటంగానే పేరు పెట్టారు. చెప్పి అమ్మితే ఎవరికీ నష్టం లేదు. చెప్పకుండా కర్ర ధరకు బొమ్మను అమ్మినప్పుడే మా పిల్లల వంటివారు నష్టపోతారు.

కొన్ని చీటీల మీద మూడు "ఏ"లు, నాలుగు "ఏ"లు వరుసగా కనబడతాయి. చారలు ఎంత దట్టమో చెప్పే మార్కులవి. అందరికీ కలిపి ఒక కొలబద్ద లేదు. ఒకరి మూడు "ఏ"లు మరొకరి దగ్గర రెండే కావచ్చు. మేరీలాండ్ రాష్ట్రంలో 1985లో మొదలైన పాల్ రీడ్ స్మిత్ కంపెనీ తమ మేలైన పలకలకు "10 టాప్" అని పేరు పెట్టి, గిటారు తల వెనుక 10 అంకె వేస్తుంది. అది వారి బడిలో వారు వేసుకునే మార్కు.

"దీని శబ్దమే వేరు" అన్న మాట మిగిలింది. ఎలక్ట్రిక్ గిటారులో ఉక్కు తీగె కదిలితే, దాని కింద అయస్కాంతం చుట్టూ ఉన్న రాగి తీగ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. దాన్ని పికప్ అంటారు. అక్కడి నుండి ఆంప్లిఫయరుకు పోతుంది. కర్ర జాతి, బరువుల గురించి వాయించేవారి మధ్య వాదాలు తెగవు. కాని చారలున్న మేపుల్‌కూ చారలు లేని మేపుల్‌కూ పాటలో తేడా వెదకడం వృథా అని మా అభిప్రాయం. కాగితమంత పొర సంగతి చెప్పనే అక్కరలేదు. ఇంకొక సంగతి. చాలా గిటార్లలో వేళ్లు ఆనే పలక మన దక్షిణాది జిట్రేగి కర్ర, ఇంగ్లీషులో రోజ్‌వుడ్. వాయించేవారి చేయి రోజంతా దాని మీదే ఉంటుంది. దాని పేరు చీటీలో చిన్న అక్షరాలతో ఉంటుంది, ఎవరూ చదవరు.

తరువాతి వారం పిల్లలను వెంటబెట్టుకొని, తాతయ్యగారితో మేము ఆ దుకాణానికి వెళ్లాము. తాతయ్యగారు కోపపడలేదు. గిటారును బల్ల మీద పెట్టి "ఇందులో మేపుల్ ఎక్కడుందో చూపించు నాయనా" అన్నారు. యజమాని కంపెనీవారి పట్టిక తీశాడు. అందులో "ఫ్లేమ్ ఫినిష్" అని ఉంది, అంటే చారల పూత. బాడీ వేరే చవక కర్ర. "మేపుల్" లేదు, "టాప్" లేదు. ఆ రెండు మాటలూ దుకాణంలో చేత్తో రాసిన చీటీలో వచ్చి చేరాయి. డబ్బు తిరిగి ఇవ్వలేదు గాని, ఒక సంచి, ఒక స్టాండు, నాలుగు జతల తీగెలు ఇచ్చి పంపాడు. స్టాండుకు రబ్బరు తొడుగు ఉంది. పాతకాలపు లాకరు పూసిన గిటారైతే రబ్బరు ఆనిన చోట మచ్చ పడుతుంది. మా దానిది గట్టి పాలియెస్టర్ పూత గనుక ఆ భయం లేదు.

ఈ ఏడు రెండవ గిటారు కోసం వెళ్లినప్పుడు పిల్లలే ముందుగా పట్టిక అడిగారు. ఒకడు గిటారును గుమ్మం దాకా తెచ్చి వెలుతురులో వంచి చూశాడు. ఇంకొకడు అంచు దగ్గర పొర మందం వెదికాడు. చివరకు చారలేమీ లేని నల్లది తీసుకొని, మిగిలిన డబ్బుతో చిన్న ఆంప్లిఫయరు తెచ్చుకున్నారు. పాతది ఆదివారపు బడి పిల్లలు నేర్చుకోవడానికి ఉంచాము. కిటికీ ఎండ తగలకుండా లోపలి గోడకు వేలాడుతుంది. దాని చారలు ఎటు వంచినా కదలవు. చిన్నపిల్లలకు మాత్రం అది ఈనాటికీ "పులి గిటారే".