సైనిక ఉపచారిక – ఇంటి అవ్వ

యుద్ధ మనగానే మన బాలురకు తుపాకులును, ఫిరంగులును, విజయధ్వజములును జ్ఞప్తికి వచ్చును. కాని పూర్వకాలపు యుద్ధములలో శత్రువుల గుండ్లవలన మడిసిన సైనికులకంటె జ్వరము, అతిసారము, కలరా మొదలగు వ్యాధులవలన మడిసినవారే తరచుగా అధికముగా నుండిరి. రణరంగమున ప్రాణము దక్కించుకొన్నవాడు ఆసుపత్రి మంచముపై దానిని విడుచుచుండెను. ఈ రెండవ మృత్యువుతో పోరాడుటకు పుట్టినదే సైనిక ఉపచారిక వృత్తి. మన జనులు నర్సమ్మ యని పిలుచు ఆమె పని యెట్టిది? అది మన దేశమున కెట్లు వచ్చెను? ఆ పనియందు చేరిన స్త్రీ ఇల్లాలుగను, అవ్వగను జీవించుటకు కల్గిన యాటంక మేమి? ఈ మూడు విషయములను సంగ్రహముగా వివరించెదము.

1854వ సంవత్సరమున క్రిమియా యుద్ధము జరుగుచుండగా, ఫ్లారెన్సు నైటింగేలు అను ఇంగ్లీషు వనిత 38 మంది స్త్రీలను వెంట దీసికొని స్కుటారియందలి సైనికాసుపత్రికి వెళ్ళెను. అచట గాయపడినవారు మురికిలో పడియుండిరి. గాలి లేదు, శుభ్రమైన గుడ్డలు లేవు. ఆమె మొదట వంటకును, ఉతుకుటకును, ఊడ్చుటకును ఏర్పాటు గావించెను. 1855వ సంవత్సరమున ప్రభుత్వము పంపిన ఆరోగ్యసంఘమువారు అచటి మురుగు కాలువలను బాగుచేయించిన పిమ్మటనే మరణములు మిగుల తగ్గినవి. దీనినుండి ఆమె యొక గొప్ప పాఠమును నేర్చెను. రోగిపై దయ యుండిన చాలదు. గాలి, నీరు, శుభ్రత, లెక్క, క్రమము అను నివి యున్నప్పుడే దయ ఫలించును. ఆమె మన దేశమునకు ఎన్నడును రాలేదు. అయినను ఇచటి సైన్యముయొక్క యారోగ్యమును గూర్చి చాలకాలము పరిశ్రమించెను. 1863వ సంవత్సరమున వెలువడిన విచారణసంఘపు నివేదిక, ఇచటి ఇంగ్లీషు సైనికులలో సాలీనా వేయింటికి 69 మంది చనిపోవుచున్నారని చూపెను.

1888వ సంవత్సరమున తరిఫీదు పొందిన పదిమంది నర్సులు ఓడనుండి బొంబాయిలో దిగిరి. మన దేశపు సైనికాసుపత్రులలో ఈ సేవకు అదియే ఆరంభము. 1914వ సంవత్సరమున మొదటి మహాయుద్ధము రాగా ఈ దేశపు స్త్రీలనుగూడ చేర్చుకొనిరి. 1926వ సంవత్సరము అక్టోబరు 1వ తేదిన భారతీయ సైనిక ఉపచారిక శాఖ శాశ్వతముగా నెలకొనెను. నేటికిని ఆ దినమునే శాఖవారు జన్మదినముగా జరుపుకొందురు. 1943వ సంవత్సరపు ఆర్డినెన్సువలన ఉపచారికలకు సైన్యమున అధికారుల హోదా లభించెను. 1976వ సంవత్సరమున గెర్ట్రూడు ఆలిస్ రామ్ అను ఉపచారిక మేజర్ జనరల్ పదవి నందెను. భారత సైనిక దళములలో ఆ పదవి నందిన ప్రథమ వనిత ఆమెయే. ఆ గౌరవము తొలుత దక్కినది ఆయుధము పట్టిన చేతికి గాక, కట్టు కట్టిన చేతికి దక్కెనని మన బాలికలు గమనింపవలెను.

ఇక ఆమె పని యెట్టిదో చూతము. గాయపడినవారు ఒకేసారి పలువురు వచ్చినప్పుడు ఎవరిని ముందు చూడవలెను? బిగ్గరగా అరచువానిని గాదు. అరచువానికి ఊపిరి యాడుచున్నది. మాటలేక పడియున్నవానికే అపాయ మధికము. కావున ఊపిరి, నెత్తురు కారుట, స్మృతి అను మూటిని పరీక్షించి, వెంటనే చికిత్స కావలసినవారిని, కొంత ఆగగలవారిని, స్వల్పగాయములు గలవారిని వేరుపరుతురు. ఈ నిర్ణయమున హోదాకుగాని, మతమునకుగాని, కులమునకుగాని తావు లేదు. పట్టువడిన శత్రుసైనికుడైనను రోగియే. రాత్రింబవళ్ళు మేల్కొని నాడి చూచుట, మందు వేళలు తప్పకుండుట, పుండు చీము పట్టకుండ కాపాడుట, కాలు పోయిన యువకునికి బ్రదుకుపై ఆశ పుట్టించుట యను నివన్నియు ఆమె ధర్మములే.

ఈ విద్యకును మన సీమకును సంబంధము లేకపోలేదు. 1911వ సంవత్సరమున చిత్తూరు జిల్లా యేర్పడువరకు చిత్తూరు పట్టణము ఉత్తర ఆర్కాడు జిల్లాకు ముఖ్యస్థానముగా నుండెను. వేలూరు ఆ జిల్లాలోనిదే. ఆ వేలూరియందు ఈడా స్కడ్డరు దొరసాని 1909వ సంవత్సరమున నర్సుల పాఠశాల నారంభించెను. అన్యుల రక్తమును, మలమూత్రములను ముట్టు పనికి బిడ్డలను పంపుటకు ఆనాటి తలిదండ్రులు చాలమంది సమ్మతింపకుండిరి. అయినను ఆ పాఠశాల నిలిచి పెరిగి, 1946వ సంవత్సరమున పట్టపు చదువు చెప్పు కళాశాల యయ్యెను. మదనపల్లె చేరువ ఆరోగ్యవరమునందలి క్షయరోగ చికిత్సాలయముగూడ ఉపచారము యొక్క విలువను మన జనులకు చూపెను. క్షయకు తగిన మందు లేని ఆ దినములలో గాలి, విశ్రాంతి, ఆహారము, ఉపచారము – ఇవియే ముఖ్యమైన యాధారములు గదా. నేడు తిరుపతియందే నర్సింగు కళాశాలలు గలవు. సైన్యమున చేరగోరు బాలికలకు పూనా, కలకత్తా, బొంబాయి, ఢిల్లీ, లక్నో, బెంగుళూరు నగరములలోని సైనిక కళాశాలలలో నాలుగేండ్ల పట్టపు చదువు కలదు.

ఇంత గౌరవము గల యీ సేవయందు ఒక యన్యాయము చాలకాలము సాగెను. 1977వ సంవత్సరపు సైనిక నిబంధన యొకటి, ఉపచారికను ఏయే కారణములచే ఉద్యోగమునుండి తొలగింపవచ్చునో తెలుపుచు, ఆరోగ్యము చెడుట, దుష్ప్రవర్తన యను వాని నడుమ పెండ్లి చేసికొనుటనుగూడ చేర్చెను. పెండ్లి యాడిన పురుషాధికారికి అట్టి నిబంధన లేదు. మన సికిందరాబాదు సైనికాసుపత్రిలో 1985వ సంవత్సరమున లెఫ్టినెంటుగా నియమింపబడిన యొక సోదరి సైన్యాధికారినే వివాహమాడెను. 1988వ సంవత్సరమున ఆమెను ఉద్యోగమునుండి తొలగించిరి. ఆ నిబంధన 1995వ సంవత్సరమున రద్దయ్యెను. కాని ఆమెకు న్యాయము లభింపలేదు. తుదకు 2024వ సంవత్సరము ఫిబ్రవరి 14వ తేదిన సుప్రీముకోర్టువారు, వివాహము కారణముగా స్త్రీని తొలగించుట ధర్మవిరుద్ధమని తీర్పు చెప్పి, ఆమెకు 60 లక్షల రూపాయలు పరిహార మీయవలసినదని యాజ్ఞాపించిరి. పోయిన పరువపు సంవత్సరములను ఏ రూపాయలును తిరిగి తేజాలవు. అయినను ఆ తీర్పు రాబోవు బాలికలకు మార్గమును నిష్కంటకము చేసినది.

ఉపచారిక కావలెనన్న ఇల్లాలు కారాదు, అవ్వ కారాదు అను తలంపులోని లోపమును మన గ్రామములలోని అవ్వలను చూచినవా రెల్లరును ఎరుగుదురు. జ్వరముతో మూలుగు మనుమని నుదుట చేయి పెట్టి రాత్రియంతయు మేల్కొనునది అవ్వయే. సంగటిముద్దను చల్లార్చి తినిపించునది అవ్వయే. సైనికాసుపత్రిలో ముప్పదియేండ్లు పనిచేసి విరమించిన స్త్రీ ఇంటి అవ్వయైనచో ఆ ప్రేమకు శాస్త్రజ్ఞానము తోడగును. బిడ్డకు విరేచనము లగుచున్నప్పుడు నీరు మాన్పింపదు. కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు సమపు చిన్నచెంచాల చక్కెరయు, అర చిన్నచెంచా ఉప్పును కలిపి కొంచెము కొంచెముగా త్రాగించును. చెనిక్కాయల చేలో పాము కరచినవానికి బిగువుగా కట్టు కట్టనీయదు, కాటును కోయనీయదు. ఆ యంగమును కదలకుండ నుంచి వెంటనే ఆసుపత్రికి పంపించును. వీధిలోని కోడండ్రు బిడ్డల టీకాలనుగూర్చి ఆమెనే అడుగుదురు. సైన్యము నేర్పిన క్రమశిక్షణ ఊరి కంతటికిని ఉపయోగపడును.

బాలికలారా! మీలో నెవరికైనను ఈ సేవయం దభిరుచి గలిగినచో ప్రకృతిశాస్త్రములను శ్రద్ధతో చదువుడు. ఇంట రోగి యున్నప్పుడు అసహ్యపడక చేతనైన యుపచారము చేయుడు. బాలురారా! సోదరి చేయు పనిని తక్కువగా నెంచకుడు. తలిదండ్రులారా! కుమార్తెకు ఉద్యోగమో, వివాహమో యని ఒకదానినే కోరుకొమ్మని నిర్బంధింపకుడు. గాయపడిన జవానుకును, జ్వరపడిన మనుమనికిని కావలసిన చేయి యొకటియే.