పాత క్రాలర్ ట్రాక్టర్లలో గవర్నరు మందగింపు: లోప నిర్ధారణ, సవరణ

రెండో ప్రపంచ యుద్ధానంతరం అమెరికా సైన్యం మన దేశంలో వదిలివెళ్లిన క్రాలర్ ట్రాక్టర్లతో 1947లో కేంద్ర ట్రాక్టరు సంస్థ పని ప్రారంభించింది. మధ్య భారతదేశపు నల్లరేగడి భూముల్లో వేళ్లూనుకొన్న రెల్లుగడ్డిని లోతు దుక్కితో నిర్మూలించడం దాని ముఖ్య లక్ష్యం. వ్యవసాయ యంత్రాల కొనుగోలుకు 1949లో ప్రపంచ బ్యాంకు 1 కోటి డాలర్ల రుణం మంజూరు చేసింది. ఆ తరం ట్రాక్టర్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణ లేదు. ఇంజను వేగాన్ని నిలకడగా ఉంచే భారమంతా యాంత్రిక గవర్నరుదే. అందువల్ల దాని లోపాన్ని సశాస్త్రీయంగా గుర్తించడం నేటికీ విస్తరణ శాస్త్రవేత్తలకు, విద్యార్థులకు ఉపయుక్తమైన అభ్యాసం.

పనిచేసే తీరు

ఇంజనుతోపాటు తిరిగే రెండు బరువులు వేగం పెరిగినప్పుడు వెలుపలికి విచ్చుకొని ఇంధన పంపు ర్యాక్‌ను వెనుకకు జరిపి డీజిల్‌ను తగ్గిస్తాయి. వేగం తగ్గినప్పుడు స్ప్రింగు వాటిని లోపలికి నెట్టి ర్యాక్‌ను ముందుకు జరుపుతుంది. డ్రైవరు లీవరు జరిపినప్పుడు నేరుగా మారేది డీజిల్ పరిమాణం కాదు, ఈ స్ప్రింగు బిగువు. బరువులు, స్ప్రింగు, ర్యాక్‌లలో ఏ ఒక్కటి బిగుసుకున్నా గవర్నరు మందగిస్తుంది.

పంటపై ప్రభావం

ఒకే మడిలో తేమ చోటుచోటుకూ మారుతుంది. గట్టి నేల తగిలి లాగుడు భారం పెరిగినప్పుడు గవర్నరు ఆలస్యంగా స్పందిస్తే ఇంజను కుంగుతుంది. అది ఆగిపోకుండా డ్రైవరు నాగలిని పైకెత్తుతాడు. ఆ మేర దుక్కి లోతు తగ్గుతుంది. అక్కడ మిగిలిన రెల్లు దుంపవేళ్లు తిరిగి చిగురిస్తాయి. యంత్రంలోని చిన్న లోపం కలుపు నివారణ మొత్తాన్నీ వ్యర్థం చేయగలదు.

సహజమైన తగ్గుదలా, లోపమా?

భారం పడినప్పుడు వేగం కొంత తగ్గడం యాంత్రిక గవర్నరుకు సహజం. భారం లేనప్పుడు నిమిషానికి 1,100 చుట్లు, పూర్తి భారంతో 1,000 చుట్లు తిరిగే ఇంజనులో ఈ తగ్గుదల 10 శాతం. కొలిచిన విలువను ఆ నమూనా తయారీదారు పుస్తకంతో పోల్చాలి. తగ్గిన వేగం కోలుకోవడానికి ఎక్కువ సమయం పట్టడం, భారం తొలగగానే ఇంజను ఒక్కసారిగా ఎగదన్నడం, వేగం నిలకడ లేకుండా పెరుగుతూ తగ్గుతూ ఉండడం లోపానికి సూచనలు.

నిర్ధారణ క్రమం

మొదట లోపం గవర్నరుదో కాదో తేల్చాలి. ర్యాక్ కదలికను గమనించే వీలున్న నమూనాల్లో భారం పడినప్పుడు దానిని పరిశీలించాలి. ర్యాక్ పూర్తిగా ముందుకు వచ్చినా ఇంజను లాగకపోతే గవర్నరు తన పని చేసినట్లే. అప్పుడు మూసుకుపోయిన డీజిల్ ఫిల్టరు, గొట్టాల్లో చేరిన గాలి, ఎయిర్ క్లీనరు, ఇంజెక్టర్లు, కంప్రెషన్ వరుసగా పరీక్షించాలి. నల్లటి పొగ వస్తుంటే డీజిల్ అందుతున్నది కానీ సరిగా మండడం లేదని, పొగ లేకుండానే ఇంజను కుంగుతుంటే డీజిల్ చాలినంత అందడం లేదని ప్రాథమికంగా భావించవచ్చు. ర్యాక్ కదలకపోయినా, ఆలస్యంగా కదిలినా లోపం గవర్నరు వైపు ఉన్నట్లు.

తరువాత ఇంజను ఆపి లీవరు నుంచి గవర్నరు వరకు ఉన్న కడ్డీలు, పిన్నులను చూడాలి. అరిగిన పిన్నుల వదులు, తుప్పు పట్టిన కీళ్ల బిగువు రెండూ స్పందనను ఆలస్యం చేస్తాయి.

మూడవది ర్యాక్. ఏడాదిలో కొద్ది నెలలే నడిచే యంత్రాల్లో నిల్వ డీజిల్ జిగురుగా మారి ర్యాక్‌ను, పంపు ప్లంజర్లను పట్టివేస్తుంది. ర్యాక్ చేతితో జరిపితే మొదటి నుంచి చివరి వరకు ఎక్కడా పట్టకుండా కదలాలి. బిగుసుకుంటే శుభ్రమైన డీజిల్‌తో కడిగి జిగురును కరిగించాలి. సుత్తితో తట్టరాదు, గరుకు కాగితంతో రుద్దరాదు.

నాలుగవది ఆయిలు. గవర్నరుకు ఇంజను ఆయిలే అందుతుందా, విడిగా పోయాలా అన్నది నమూనాను బట్టి ఉంటుంది. మురికి పట్టిన లేదా మితిమీరి చిక్కనైన ఆయిలు బరువుల కదలికను అడ్డుకుంటుంది. ఇవన్నీ సరిగా ఉన్నప్పుడే గవర్నరును విప్పి బరువుల పిన్నులు, బేరింగు, స్ప్రింగును పరీక్షించాలి.

చేయకూడనివి

గరిష్ఠ వేగపు స్క్రూను బిగించి లోపం సరిదిద్దామనుకోవడం తరచుగా కనిపించే పొరపాటు. దానివల్ల పెరిగేది వేగం మాత్రమే. బిగుసుకున్న ర్యాక్ బిగుసుకునే ఉంటుంది, ఇంజను మాత్రం పరిమితికి మించి తిరుగుతుంది.

ర్యాక్ పూర్తి ఇంధన స్థానంలో పట్టేస్తే డీజిల్ ఇంజను అదుపు తప్పి వేగం పెంచుకుంటూ పోయి పగిలిపోవచ్చు. కాబట్టి సవరణ అనంతరం ఇంజనును నడిపే ముందు ర్యాక్ మూసివేత స్థానానికి వస్తున్నదని నిర్ధారించుకోవాలి. డీజిల్‌ను ఆపే ఏర్పాటుతోపాటు గాలి మార్గాన్ని మూయడానికి తగిన పరిమాణంలో గట్టి పలకను సిద్ధంగా ఉంచుకోవాలి. చేతితోగాని గుడ్డతోగాని ఆ మార్గాన్ని మూయరాదు.

చివరి పరీక్ష పొలంలోనే జరగాలి. భారం లేనప్పటి, ఉన్నప్పటి వేగాలతోపాటు సాలు పొడవునా దుక్కి లోతును పలుచోట్ల కొలిచి నమోదు చేయాలి. లోతు సమంగా ఉన్నప్పుడే ఆ సవరణ వ్యవసాయపరంగా సఫలమైనట్లు.